నీళ్ల వల్ల బొబ్బలు రావు

మొన్న డిసెంబరులో తాండూరులో అక్క వాళ్లింట్లో ఉన్నాను. ఆవిరి పూర్తిగా పోకముందే కుక్కర్ మూత లాగడంతో ఉడికిన కందిపప్పు ఎగిరి మేనకోడలి ముంజేతి మీద పడింది. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కందిని చూసి మురిసిపోయే జిల్లా మాది. కానీ మరిగే పప్పు నీళ్లలా జారిపోదు. చర్మానికి అంటుకుని వేడిని లోపలికి దింపుతూనే ఉంటుంది.

"నీళ్లు పొయ్యకే బిడ్డా, బొబ్బలొస్తయి" అంటూ పక్కింటి పెద్దమ్మ పసుపు డబ్బా పట్టుకుని ఉరికొచ్చింది. ఆమెది ప్రేమే. కానీ బొబ్బ లేచేది నీళ్ల వల్ల కాదు, లోపల మిగిలిపోయిన వేడి వల్ల. పసుపు, సిరా, పళ్ల పేస్టు పూస్తే ఆ వేడి లోపలే ఉండిపోతుంది, పుండు ఎంత లోతో డాక్టరుకు కనబడదు కూడా.

చేయి వాస్తే గాజులు దిగవు కాబట్టి ముందు అవి తీశాం. చేతిని కుళాయి కింద పెట్టాం, ఇరవై నిమిషాలు. ఐదు నిమిషాలకే మంట తగ్గి, "చాలు మామా" అంది. చాలదు. చలికి వణుకుతుంటే ఒంటికి శాలువా చుట్టాను గానీ చేయి తీయనివ్వలేదు. ఐసు మాత్రం పెట్టకూడదు, కాలిన చర్మం దానికి ఇంకా దెబ్బతింటుంది. కుళాయి రాకపోతే బిందె, చెంబు చాలు. ఆలస్యమైనా మూడు గంటల లోపు నీళ్లు పోస్తే మేలే.

కాలిన మేర రోగి అరచేతి కంటే పెద్దదైనా, ముఖం, చేతివేళ్లు, పాదాలు, కీళ్లు కాలినా, కరెంటు వల్లయినా, పసిపిల్లలైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, 108కి ఫోన్ చేయాల్సిందే. తాండూరు నుంచి హైదరాబాద్‌లోని పెద్ద కాలిన గాయాల వార్డులకు నూరు కిలోమీటర్ల పైమాటే. ఆ ఇరవై నిమిషాల పని ఇంట్లోనే జరగాలి.

మర్నాటికి రూపాయి బిళ్లంత బొబ్బ, లోపల లేత పసుపు నీరు. సూదితో పొడుద్దామంది అక్క. వద్దన్నాను. ఆ పొర కిందే కొత్త చర్మం పుడుతోంది, దానికి అంతకంటే శుభ్రమైన కట్టు మనం కట్టలేం. నా చిన్నప్పుడు కాలి బొబ్బ కోసి పొడి గాజుగుడ్డ కట్టారు. విప్పిన ప్రతిసారీ కొత్త చర్మం దాంతోపాటే ఊడొచ్చేది. ఆ మచ్చ ఇంకా ఉంది. ఈ అంటుకునే బాధ తప్పించడానికే 1980లలో ముంబైలో డాక్టర్ కేశ్వాని ఉడికించిన బంగాళదుంప తొక్కలతో కట్లు కట్టారు. అరటి ఆకు కట్లు కూడా మన దేశంలో వాడినవే. ఇప్పుడు అంటుకోని గాజుగుడ్డ మందుల షాపుల్లో దొరుకుతుంది. టీటీ ఇంజెక్షన్ వేయించి, అదే కట్టించాం.

పుండు మానాక దురద మొదలైంది. గోకితే మళ్లీ చిట్లుతుంది, ఎండ తగిలితే మచ్చ నల్లబడుతుంది. అందుకే బడికి పొడుగు చేతుల చొక్కా వేసుకుని వెళ్తోంది. రోజూ సాయంత్రం పెద్దమ్మే వచ్చి, ఆ గులాబీ రంగు చర్మం మీద కొబ్బరినూనె మెల్లగా రాసి పోతోంది.