వృక్షవర్గీకరణ పరిశోధనకు దరఖాస్తు: ఒక విమర్శ

డాక్టరేటు పరిశోధనకై దరఖాస్తు పెట్టుకొను విద్యార్థి తన పట్టాలకును మార్కుల పట్టికలకును తోడుగా, తాను చేయదలచిన పనిని వివరించు పరిశోధన ప్రణాళికను జతచేయవలసియుండును. నాలుగైదు పుటల ఆ వ్రాతను ఎవరును సాహిత్యముగా నెంచరు, విమర్శింపరు. అయినను విద్యార్థి జీవితమున మూడు మొదలు ఆఱు సంవత్సరములు దానిపై నాధారపడియుండును. మొక్కల జాతులను నిర్ణయించి, వాని బాంధవ్యములను తేల్చి, పేళ్లు నిలుపునట్టి వృక్షవర్గీకరణశాస్త్రమున ఈ వ్రాతయే అభ్యర్థి చూపును పట్టియిచ్చును. ఊర్జానగర్‌వంటి చోట దీనిని విచారించుట అనుచితము కాదు. ఆ కాలనీ 2,920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ విద్యుత్కేంద్రము నాశ్రయించి యున్నది. దానికి ఉత్తరమున, 1955లో జాతీయోద్యానమైన తాడోబా అరణ్యము. దక్షిణమున బొగ్గుగనులు, వాని కావల వార్ధానది. ఇంట తెలుగును, బడిలో మరాఠీని, కళాశాలలో ఇంగ్లీషును నేర్చిన యువజనులకు ఒక్కొక్క చెట్టునకు మూడేసి పేళ్లు తెలిసియుండుట ఇచ్చట సహజము.

సాధారణముగా కనబడు ప్రణాళిక యొక్క శీర్షిక “ఫలానా తాలూకాలోని పుష్పించు మొక్కలు” అని యుండును. మొదట అక్షాంశ రేఖాంశములు, తరువాత వర్షపాతము, పిమ్మట మొక్కలను సేకరించి, ఒత్తి, ఆఱబెట్టి, దళసరి కాగితములపై అతికి, గుర్తించి, జాబితా వ్రాయుదునను వాగ్దానము. ఇందు అసత్యమేమియు లేదు. ఈ శాస్త్రమునకు పునాదియు ఇదియే. దోష మెచ్చటనన్న, ప్రశ్న లేదు. తాలూకా యెల్లలు రెవెన్యూశాఖ గీచినవి. ఆ గీత లోపల పెరిగిన మొక్కలన్నిటిని ఒకచోట చేర్చుటకు పాలనాసౌకర్యము తప్ప కారణ మేమున్నది?

ఈ యెల్లలు వృక్షగ్రంథములకు చేసిన అపకారమునకు రాజూరా తాలూకా చక్కని నిదర్శనము. చంద్రపూరునకు వార్ధానది యావలి గట్టున నున్న ఈ తాలూకా నిజాము రాజ్యములోనిది. ఆదిలాబాదు జిల్లాలో భాగము. 1956లో దానినుండి వేఱుపడి, 1959లో నాటి చాందా జిల్లాలో కలిసినది. హెయిన్స్ దొర 1916లో మధ్యపరగణాల దక్షిణ అటవీ మండలపు వృక్షములను వర్ణించెను. నది యావల పరరాజ్యము గనుక రాజూరా అతని పనికి వెలుపల నుండెను. కుక్ బొంబాయి రాజధానికిని, గాంబుల్ మద్రాసు రాజధానికిని వ్రాసిన గ్రంథములకు నిజాము రాజ్యము పట్టలేదు. పుల్లయ్య, ప్రసన్న, ఓబులేసుగార్లు 1992లో ఆదిలాబాదు జిల్లా వృక్షజాలమును ప్రకటించునప్పటికి రాజూరా మహారాష్ట్రలో నున్నది. ఇట్లు నది కిరువైపుల గ్రంథములు వెలసినను, ఒక తాలూకా ఆ రెండింటి నడుమ జాఱిపోయినది. హుకర్ సర్వభారత గ్రంథమును, తరువాతి మహారాష్ట్ర వృక్షజాల సంపుటములును ఉన్న మాట నిజమే గాని, అంతటి విశాల గ్రంథములు ఒక తాలూకాను నిదానించి చూచుటకు పుట్టినవి కావు.

ఈ లోటును కనిపెట్టిన అభ్యర్థి “రాజూరా మొక్కల జాబితా” యని వ్రాసి తృప్తిపడినచో, పూర్వుల దోషమునే మఱల చేసినవాడగును. లోటును ప్రశ్నగా మార్చవలెను. ఉదాహరణమునకు చండ్రచెట్టును గైకొనవచ్చును. కాచు నిచ్చు ఈ చెట్టును మరాఠీవారు ఖైరు అందురు. 1782లో లిన్నేయసు కుమారుడు దీని బంధువునకు “కటెచు” అను పేరిడెను. సామర్లకోటలో తోట నడిపి, కోరమాండల్ తీరపు మొక్కలపై 1795 మొదలు మహాసంపుటములను వెలువరించిన రాక్స్‌బర్గ్, దక్కను చెట్టును వేఱుగా చూచి, తెలుగు పేరునే లాటినులో నిలిపెను: “చుండ్ర”, “సుండ్ర”. ఉత్తరాది రూపమున పుష్పపు రక్షకపత్రములపై నూగు; దక్కను రూపమున అవి నున్నన. ఇవి రెండు జాతులా, ఒకే జాతి యొక్క రూపాంతరములా యను వాదము తరతరములుగా సాగినది. రెండు రూపముల నడిమి దేశమగు చంద్రపూర్, రాజూరా, ఆదిలాబాదుల చెట్లను వరుసగా పరీక్షింతునని చెప్పిన ప్రణాళికకు నది ఎల్ల కాదు, సాధనము. అట్టి వ్రాతను చదివిన పరీక్షకుడు పుట త్రిప్పక ఆగును.

ఇంకొక పరీక్షయు ఇందు ఇమిడియున్నది. నల్లతుమ్మయు చండ్రయు ఒకప్పుడు ‘అకేసియా’ ప్రజాతిలోనివే. 2005లో వియన్నాలో కూడిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సభ ఆ నామమును ఆస్ట్రేలియా చెట్లకు నిలుపగా, 2011లో మెల్‌బోర్న్ సభ దానిని స్థిరపఱచెను. నల్లతుమ్మ ‘వాచెలియా’ యైనది. చండ్ర ‘సెనగాలియా’ యైనది. నేడును కారణము చెప్పక పాత నామమునే వ్రాయు అభ్యర్థి యెన్ని గ్రంథముల పేళ్లు ఉదహరించినను, వానిని చదువలేదని తానే ఒప్పుకొన్నట్లు.

దేశీయ నామముల విషయమున రెండు విపరీతములు కలవు. కొందఱు వానిని సిగ్గుపడి విడుతురు; కొందఱు అలంకారముగా గ్రుచ్చుదురు. రాక్స్‌బర్గ్ రీతి వేఱు. జ్వరహరమని పేరుగన్న బెరడు గల సోమిద చెట్టును వర్ణించుచు అతడు తెలుగువారి పేరును నమోదు చేసెను. పిమ్మట ఆ పేరే ‘సోయ్‌మిడా’ యను ప్రజాతి నామమైనది. ఆ ప్రజాతిలో ఉన్నది ఆ యొక్క జాతియే. పేరు చెప్పి, చెట్టు చూపిన తెలుగువారి పేళ్లు మాత్రము ఆ నామములలో లేవు. నేటి ప్రణాళికలో పేరుతోపాటు ఊరును, కాలమును, ఆ పేరు వాడు జనమును వ్రాసినచో అది సాక్ష్యమగును.

ఇంత చూపును ఎంపికవిధానము కొలుచుచున్నదా? కొలుచుట లేదనియే చెప్పవలెను. జాతీయ అర్హతాపరీక్షలో జీవశాస్త్రముల పాఠ్యప్రణాళికకు 13 భాగములు. జీవరూపముల వైవిధ్యము వానిలో ఒక్కటి. 2022నాటి నిబంధనలలో విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షకు నూటికి 70, సంభాషణకు 30 పాళ్లు. అడవిలో పదేండ్లు తిరిగి సంపాదించిన కన్ను ఆ 30లోనే తన్ను తాను నిరూపించుకొనవలెను. చెట్టును చూడనివాడు సూత్రములు వల్లించి ముందునకు పోవుటకు ఇచట అవకాశము లేకపోలేదు. 1999లో కేంద్రప్రభుత్వము వర్గీకరణ నిపుణుల కొఱతను గుర్తించి అఖిలభారత పథకమునే ఆరంభించినది. కొఱతను గుర్తించిన దేశమున ఎంపిక మాత్రము ఆ కన్నును వెదకకుండుట వింత.

దరఖాస్తు ఎచ్చటికి పంపవలెననుటయు ప్రణాళికలోని ప్రశ్నయే నిర్ణయింపవలెను. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాలకు 2011లో గోండ్వానా విశ్వవిద్యాలయ మేర్పడినది. అడవి దాపున నుండుట దాని బలము. పోల్చి చూచుటకు పాత నమూనాలు కావలసినవానికి భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ పశ్చిమ శాఖ పూనాలోను, దక్కను శాఖ హైదరాబాదులోను కలవు. చండ్ర ప్రశ్నకు ఈ రెంటి నమూనాలును, నది రెండు గట్టుల చెట్లును ఒకే బల్లపైకి రావలెను. చండ్ర వానకాలమున పూచును. రక్షకపత్రముల నూగు పూతలోనే చూడదగినది గనుక, ప్రణాళిక వ్రాయుటకు ముందటి వానలలోనే రెండు గట్టుల కొమ్మలును భూతద్దము క్రిందికి వచ్చియుండవలెను.