మంత్రసాని చెప్పిన వాక్యం

మా నాయనమ్మ మంత్రసాని. గన్నవరం దగ్గర మా ఊళ్ళో పెద్దిళ్ళ బిడ్డల్లో సగంమంది ఆమె చేతుల్లోనే పుట్టారు. పురుడు పోసేదాకా ఆ చేతులకి అంటు లేదు. బిడ్డని కడిగి అందించాక మళ్ళీ వచ్చేది. అక్షరం రాదు, బైబిలంతా చెవులతోనే చదువుకుంది. రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం మీద నేను విన్న విమర్శల్లో మేలైంది ఆమెదే.

2003లో నేను తొమ్మిదో తరగతి. మా సమాధుల దొడ్డిలో సగం కామందు చెరుకుతోటలో కలిసిపోయింది. పల్లె కుర్రాళ్ళు ఎమ్మార్వోకి అర్జీ పెడదామన్నారు. దస్తూరీ బాగుంటుందని నాచేత రాయించారు. సోమవారం ఇవ్వాలి. ఆదివారం ఆరాధనలో అయ్యగారు రోమా 13 తీశారు. అధికారాలన్నీ దేవుడు పెట్టినవే, వాటి మీదకెళ్ళడం దేవుడి మీదకెళ్ళడమేనని గంటసేపు చెప్పారు. కామందు ఏ ప్రభుత్వంలో అధికారో మాత్రం చెప్పలేదు. మా నాన్న సంఘ పెద్ద, ఆ కామందు దగ్గరే పాలేరు. గుడి మెట్ల మీదే అర్జీ అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. అయ్యగారింటికి బియ్యం బస్తా కామందు ఇంటినుంచే వచ్చేదిలెండి. మా కానుకలతో ఆ ఇల్లు గడిచేది కాదు. ఆయన్నొక్కణ్ణే అని ఏం లాభం?

ఆ రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మ అంది: "ఒరేయ్, మగబిడ్డల్ని చంపమని ఫరో చెబితే షిఫ్రా, పూయా విన్నారా? వినుంటే మోషే ఎక్కణ్ణించి వచ్చేవాడ్రా? వాళ్ళూ నాలాంటి మంత్రసానులేగా!"

నాన్న తల ఎత్తలేదు.

బియ్యే చదివే రోజుల్లో నిర్గమకాండం తీసి చూసుకున్నాను. ఆ ఇద్దరాడాళ్ళ పేర్లూ అందులో ఉన్నాయి. ఆ ఫరో పేరే లేదు.

అయ్యగారి తప్పు చదివిన చోట లేదు, ఆపిన చోట ఉంది. ఇంకో రెండు వచనాలు ముందుకి పోతే పౌలు అధికారిని దేవుడి పరిచారకుడంటాడు, అదీ మన మేలుకోసం. పరిచారకుడంటే పనివాడు. పనివాడికి పైన యజమాని ఉంటాడు, చేసిన పనికి లెక్క ఉంటుంది. జన్మంతా పాలేరుతనం చేసిన మా నాన్నకి ఇది ఇంకొకరు విడమరచాల్సిన సంగతా? ఇక ఆ పౌలు తాను ఎలా లోబడ్డాడో అపొస్తలుల కార్యములు 16లో ఉంది. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేశారు. తెల్లారి చప్పుడు కాకుండా పొమ్మంటే పోలేదు. నేను రోమా పౌరుణ్ణి, కొట్టించిన అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. వాళ్ళు భయపడి వచ్చారు, బతిమాలుకున్నారు. మా కుర్రాళ్ళ అర్జీ దీనిముందు ఎంత?

ఈ అధ్యాయాన్ని అడ్డం పెట్టుకున్నది మా అయ్యగారొక్కరే కాదు. దక్షిణాఫ్రికా తెల్లప్రభుత్వం వర్ణవివక్షకీ దీన్నే అడ్డం పెట్టుకుంది. అది తప్పుడు చదువని అక్కడి పాస్టర్లు, పండితులు 1985 సెప్టెంబరులో 'కైరోస్ పత్రం' వేశారు. దానికి రెండు నెలల ముందే, జూలై 17న, మన కారంచేడులో మాదిగల్ని నరికి చంపారు. తాగేనీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవ. ఆ నెత్తుట్లోంచి దళిత మహాసభ పుట్టింది. అయితే ఆ అధ్యాయాన్ని మనవైపు నిలబడి చదవడం మహాసభ పని కాదు, రాసేవాళ్ళ పని. 'గబ్బిలం'లో పూజారి కన్నుగప్పి శివుడి చెవిలో మొర వేయించిన జాషువా క్రైస్తవుడే. మనం ఆ పూజారి మీద పేజీలకి పేజీలు రాశాం. మన గుళ్ళో ప్రసంగవేదిక జోలికి మాత్రం పోలేదు. అక్కడ నిలబడేది మన మేనమామో బాబాయో కావడం వల్లనేమో!

2011లో నాయనమ్మ పోయింది. దొడ్డిలో చోటు లేక కాలవగట్టున పెట్టాం. అయ్యగారే ప్రార్థన చేశారు. ఆయన గొంతు పూడుకుపోయింది. ఆయన కడుపున పుట్టినవాళ్ళకీ ఆమే పురుడు పోసింది.

మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే నాన్న ట్రంకుపెట్టెలోంచి ఆ అర్జీ తీసిచ్చాడు. మడతల దగ్గర చిరిగింది. మళ్ళీ రాయమన్నాడు.

"నీది సర్కారు కొలువు, నీ పేరొద్దు. నా పేరు పెట్టు, వేలిముద్ర వేస్తాను."

నేను కాదనలేదు.