సైనికుని వినయం: జియావుల్ హఖ్ ప్రసంగాలపై ఒక పరిశీలన

1977 జూలై 5న అధికారం చేజిక్కించుకొన్న జనరల్ జియావుల్ హఖ్ పాకిస్తాన్ ప్రజలకు చేసిన తొలి ప్రసంగంలో గర్జన లేదు. తనకు రాజకీయ ఆకాంక్షలు లేవనీ, అక్టోబరులో ఎన్నికలు జరిపి ప్రజాప్రతినిధులకు అధికారం అప్పగించడమే తన ఏకైక లక్ష్యమనీ చెప్పుకొన్నారు. ఈ భారాన్ని ఇస్లాం సైనికుడిగా స్వీకరించానన్నారు. తాను ఏమి కాదో చెబుతూ పోవడమే ఆ ప్రసంగంలోని నేర్పు. రాజకీయవేత్త కానివాడు, పదవి కోరనివాడు ఎవరై ఉంటాడో శ్రోతే ఊహించుకోవాలి.

1973 నాటి రాజ్యాంగాన్ని రద్దు చేయలేదనీ, కొన్ని భాగాల అమలును మాత్రమే నిలిపివేశామనీ కూడా అందులోనే వివరించారు. బలప్రయోగంతో రాజ్యాంగాన్ని రద్దు చేయడం అందులోని 6వ అధికరణం ప్రకారం ఘోర రాజద్రోహం. మాటను ఎంత ఆచితూచి ఎన్నుకొన్నారో వేరే చెప్పనక్కరలేదు.

అక్టోబరు 1న ఎన్నికలు వాయిదాపడ్డాయి. ముందుగా నాయకుల ‘ఎహ్తిసాబ్’ జరగాలట! విశ్వాసి తన కర్మలను తానే లెక్క చూసుకోవడానికి ముస్లిములు వాడుకొనే మాట ఇది. జనరల్ గారి నోట అది పరుల లెక్కగా మారింది. 1979 నవంబరు 17కు మరల తేదీ ప్రకటించి, అక్టోబరు 16న దానినీ రద్దు చేశారు. పార్టీలను నిషేధించారు, పత్రికలపై ముందస్తు సెన్సారు విధించారు. ఇక ఆ ప్రసంగాలకు బదులు చెప్పే నోరు లేదు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫాగా చేసిన తొలి ప్రసంగంలోనూ వినయమే ఉంది. తాను ప్రజలందరిలో ఉత్తముణ్ణి కానన్నారు. కాని అంతటితో ఆగలేదు. తప్పు చేస్తే సరిదిద్దమన్నారు. తాను అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు అవిధేయుడైతే ప్రజలు తనకు విధేయులు కానక్కరలేదన్నారు. ఆ వినయం శ్రోత చేతికి ఒక హక్కును ఇచ్చింది. 1977 నాటి శ్రోతకు దక్కినది ఒక తేదీ మాత్రమే.

1984 డిసెంబరు 19 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరింది. చట్టాలను ఖుర్ఆన్, సున్నత్‌లకు అనుగుణంగా మార్చడానికి అధ్యక్షుడు చేపట్టిన కృషిని సమర్థిస్తారా అన్నది ప్రశ్న. ‘అవును’ అంటే ఆయన మరో ఐదేళ్లకు ఎన్నికైనట్లే! ప్రశ్నలో దీనుంది, జవాబులో పదవి ఉంది. ‘కాదు’ అనదలచిన ముస్లిం దేనిని కాదంటున్నట్లు? ప్రతిపక్షాలు బహిష్కరించిన ఆ ఓటింగులో నూటికి 97కు పైగా ‘అవును’ అన్నారని ప్రభుత్వం ప్రకటించింది. ఆయన నమాజు నిష్ఠను శంకించడం ఇక్కడ ఉద్దేశం కాదు. హృదయాలలోనిది అల్లాహ్‌కే ఎరుక. షరీఅత్ పేరును ఒక వ్యక్తి పేరుతో ఒకే వాక్యంలో ముడివేయడమే ఆక్షేపణీయం.

1988 మే 29న తానే నియమించిన ప్రధాని జునేజోను తొలగిస్తూ ఆయన చెప్పిన కారణాలలో ఇస్లామీకరణ సాగలేదన్నది ఒకటి. రాజ్యాంగం ప్రకారం 90 రోజులలో ఎన్నికలు జరగాలి. ఆయన నవంబరు 16ను నిర్ణయించారు. ఆగస్టు 17న విమాన ప్రమాదంలో మరణించేనాటికి ఆయన ఇంకా సైన్యాధిపతే.