ఉత్తరాల్లో రోమ్

చరిత్ర నవలను ఉత్తరాలు, డైరీలతో నడపడం చెయ్యి తిరిగినవారికే సాధ్యం. రాసే పాత్రకు రేపేం జరుగుతుందో తెలియదు, చదివేవారికి తెలుసు. అమెరికన్ రచయిత జాన్ విలియమ్స్ 1972లో వెలువరించిన ‘అగస్టస్’లో ఈ పనితనం అబ్బురపరుస్తుంది. రోమ్ తొలి చక్రవర్తి గురించి మిత్రులు, శత్రువులు, కవులు తలా ఒక మాట రాస్తారు. అన్నిటికన్నా కదిలించేది కూతురు జూలియా డైరీ. వ్యభిచార నేరం మోపి తండ్రే వెళ్లగొడితే, పాండటేరియా అనే చిన్న దీవిలో కూర్చుని రాసుకుంటుంది. అయినా ఆ పుటల్లో తండ్రి మీద మమకారం చావలేదు. అగస్టస్ స్వయంగా నోరు విప్పేది చివరి భాగంలోనే, డమాస్కస్ వాడైన నికొలాస్‌కు రాసిన సుదీర్ఘ లేఖలో. ఈ పత్రాల్లో చాలావరకు విలియమ్స్ కల్పించినవే, కానీ దేని గొంతు దానిదే. 1973లో ఈ నవలకు అమెరికా నేషనల్ బుక్ అవార్డు, జాన్ బార్త్ ‘కిమేరా’తో ఉమ్మడిగా దక్కింది.