తక్కువసేపు పడుకోమనే వైద్యం

నిద్ర పట్టడం లేదని వచ్చిన మనిషితో "ఇకనుంచి ఇంకా తక్కువసేపు పడుకో" అనాలంటే కాస్త ధైర్యం కావాలి. అదీ నలభై ఆరేళ్ల ఆవిడతో. రాత్రి మూడింటికి ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి, జాకెట్టు తడిసి, గుండె దడదడలాడుతూ లేచి కూర్చుంటున్న ఆవిడతో. అయినా ఆ మాట చెప్పే వైద్యం ఒకటుంది. నిద్రలేమికి ఆలోచనలనూ అలవాట్లనూ సరిచేస్తూ చేసే చికిత్స అది. డాక్టర్లు పొట్టిగా సీబీటీ-ఐ అంటారు. దీర్ఘకాలంగా నిద్ర పట్టని పెద్దవాళ్ళకి మాత్రల కంటే ముందు దీన్నే ఇవ్వమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో వైద్యులకు సూచించింది. ఫలితాల సంగతి తర్వాత చూద్దాం. ముందు దాని పనితనం చూడాలి. ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఎవరో ఓపిగ్గా తూచి కట్టిన పని అని దగ్గరికెళ్తే తెలుస్తుంది.

పెరిమెనోపాజ్ అంటే ముట్లు పూర్తిగా ఆగిపోయే ముందు నడిచే కొన్నేళ్లు. నెలసరి తేదీలు వారానికి మించి అటూ ఇటూ జరగడంతో మొదలై, రెండేసి నెలలు పత్తా లేకుండా పోయేదాకా వస్తుంది. ఈ కాలంలో ఈస్ట్రోజెన్ సాఫీగా తగ్గుతూ పోదు. ఒక నెల పొంగుతుంది, మరో నెల అడుగంటుతుంది. ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ దీనికి తికమకపడి, వేడి రవ్వంత పెరిగినా ఒళ్ళు కాలిపోతున్నట్టు లెక్కేసుకుంటుంది. చర్మానికి రక్తం తోస్తుంది, చెమట పట్టిస్తుంది. ఆ కాసేపూ గుండె నిమిషానికి 7 నుంచి 15 సార్లు అదనంగా కొట్టుకోవచ్చు. పగలైతే కొంగుతో మొహం తుడుచుకుని, ఫ్యాన్ కిందకి జరిగి ఊరుకుంటాం. ఇల్లంతా నిద్రపోతున్న వేళ అదే దడ గుండెపోటేమో అనిపిస్తుంది. ఆ భయానికి అడ్రినలిన్ తోడై దడ ఇంకా హెచ్చుతుంది. ఇక తెల్లారేదాకా జాగారమే.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకో చిక్కు తోడైంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9, తెలంగాణలో 7.7. సంచి తీసి అండాశయాలు ఉంచితే ఈ దశ మొదలైందని చెప్పే నెలసరి లెక్కే ఉండదు. ఆవిర్లు, కంగారు, నిద్రలేమి మాత్రం చెప్పాపెట్టకుండా వస్తాయి. అండాశయాలు కూడా తీసేస్తే అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. "ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది కదా, ఇప్పుడీ దడేంటి" అని ఆశ్చర్యపోయే ఆడవాళ్లు మన ఊళ్లలో ఎందరో.

ఇక పనితనం దగ్గరికి వద్దాం. దీనికి వెన్నెముక లాంటి ఆలోచన న్యూయార్క్‌లో పనిచేసిన ఆర్థర్ స్పీల్‌మన్‌ది. నిద్రలేమికి మూడు రకాల కారణాలని 1987లో ఆయనా సహచరులూ విడదీసి చూపించారు. పుట్టుకతో వచ్చిన సున్నితం ఒకటి. ఫలానా రోజు దాన్ని మొదలుపెట్టిన సంఘటన రెండోది. మొదలైన దాన్ని ఆరిపోకుండా ఎగదోసే మన సొంత అలవాట్లు మూడోది. రాత్రి చెమటలు రెండో రకం. కానీ ఆ చెమటలకి బదులుగా మనం ఏం చేస్తాం? నిన్న నిద్ర లేదు కదా అని తొమ్మిదింటికే మంచం ఎక్కుతాం. మధ్యాహ్నం అన్నం తిన్నాక గంట వాలుతాం. ఆదివారం ఎనిమిదిదాకా లేవం. ఒక్కోటీ సబబుగానే కనిపిస్తుంది. ఆవిర్లు సద్దుమణిగినా నిద్ర తిరిగి రాకపోవడానికి కారణం మాత్రం ఇవే. హార్మోన్ జోలికి పోకుండా మూడో రకం మీద మాత్రమే చెయ్యి వేయడం ఈ చికిత్సలో నాకు నచ్చిన మొదటి సంగతి. తన చేతిలో లేనిదాన్ని అది పట్టుకు వేలాడదు.

పని మొదలయ్యేది ఒక కాగితంతో. వారం రోజులు, రోజుకో వరస. ఎన్నింటికి పడుకున్నారు, నిద్ర పట్టడానికి సుమారు ఎంతసేపైంది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ, మొత్తమ్మీద ఎంతసేపు, ఎన్నింటికి లేచారు. ఇది పొద్దున లేచాక, ఉజ్జాయింపుగా రాయాలి. రాత్రి గడియారం చూడకూడదు, ఫోన్ తీయకూడదు. చూస్తే "అమ్మో మూడున్నర, ఇంకా రెండు గంటలే" అనే లెక్క మొదలవుతుందని ఈ చికిత్స కట్టినవాళ్ళకి తెలుసు. అందుకే కచ్చితత్వాన్ని కావాలనే వదులుకున్నారు. రాత్రంతా నిమిషం నిమిషం లెక్కగట్టి పొద్దున్నే మార్కులు వేసే చేతి గడియారాలు తయారుచేసేవాళ్ళు ఈ కాగితాన్ని ఒకసారి చూస్తే బాగుండు.

వారం అయ్యాక లెక్క. ఉదాహరణకి ఒకావిడ రోజూ పదింటికి పడుకుని ఆరున్నరకి లేస్తోందనుకుందాం. మంచం మీద ఎనిమిదిన్నర గంటలు, అంటే 510 నిమిషాలు. అందులో నిద్రపోయింది సగటున ఐదున్నర గంటలు, 330 నిమిషాలు. భాగిస్తే 65 శాతం లోపే. మిగతా మూడు గంటలూ పొర్లాటే. మరి ఐదున్నర గంటలే నిద్ర వస్తుంటే మంచం మీద ఐదున్నర గంటలే ఉండమంటుంది చికిత్స. ముందు లేచే వేళ ఖాయం చేస్తారు: పొద్దున ఐదున్నర. పడుకునే వేళ దాన్నిబట్టి వెనక్కి లెక్కవేస్తే అర్ధరాత్రి పన్నెండు. లేచే వేళ నుంచి మొదలుపెట్టడంలో ఒక తెలివి ఉంది. నిద్రని రమ్మని ఎవరూ శాసించలేరు, అలారం మోగితే లేవడం మాత్రం మన చేతిలో పని. రోజూ ఒకే వేళకి లేస్తే ఒంట్లోని గడియారం దానికి కుదురుకుంటుంది.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ పేరుకుని నిద్ర ఒత్తిడి పెరుగుతుంది. పొద్దున్నించీ చిరుతిళ్లు తిన్న పిల్ల అన్నం దగ్గర నస పెట్టినట్టు, పగటి కునుకులూ పెందరాళే పడుకోవడాలూ ఆ ఒత్తిడిని చిల్లర చిల్లరగా ఖర్చుచేసేస్తాయి. వ్యవధి కుదించేసరికి అది గట్టిపడి, ముక్కలు ముక్కలుగా ఉన్న నిద్ర ఒక్కచోటికి చేరుతుంది. మొదటి వారం నరకమే, అందులో దాపరికం లేదు. పదిన్నరకే కళ్ళు మూతలు పడుతుంటే పన్నెండుదాకా కూర్చోవాలి. రెండో వారానికి ఆవిడ 330 నిమిషాల్లో 305 నిద్రపోతే 92 శాతం. అప్పుడు పావుగంట బహుమానం: పడుకునే వేళ పదకొండు ముప్పావు. స్పీల్‌మన్ పెట్టిన గీత 90 శాతం. ఇప్పుడు చాలామంది 85 దగ్గరే పావుగంట ఇస్తున్నారు. అలా వారానికో పావుగంట కలుపుకుంటూ పోతారు. ఎంత తక్కువ వచ్చినా ఐదు గంటల కిందికి మాత్రం సాధారణంగా దించరు. ఆ అడ్డుకట్ట లేకపోతే ఇది వైద్యం కాకుండా శిక్ష అయ్యేది.

రెండో పనిముట్టు రిచర్డ్ బూట్జిన్ 1972లో రూపొందించింది. మంచం నిద్రకీ దాంపత్యానికీ మాత్రమే. నిద్ర వస్తేనే ఎక్కాలి. పావుగంటో ఇరవై నిమిషాలో గడిచినట్టు అనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరే చోటికి పోవాలి. కళ్ళు వాలినప్పుడే తిరిగి రావాలి. నెలల తరబడి చెమటా దడా భయమూ ఆ పరుపు మీదే అనుభవించడంతో, తల దిండుకి ఆనగానే ఒళ్ళు జాగ్రత్తపడటం నేర్చుకుంటుంది. హాల్లో సోఫాలో తూగుతున్నావిడకి మంచం ఎక్కగానే నిద్ర ఎగిరిపోయేది అందుకే. ఆ జత విడగొట్టడమే ఈ సూత్రం పని. రెండు గదుల ఇంట్లో, హాల్లో అత్తగారు పడుకుని ఉంటే లేచి ఎక్కడికి పోవాలి? పుస్తకంలో జవాబు లేదు గానీ పని సాగుతుంది. వంటింట్లో పీట వేసుకుని చిన్న దీపం దగ్గర బట్టలు మడతపెట్టుకోవచ్చు. "ఒంట్లో బాలేదా అమ్మాయ్?" అనే ప్రశ్న రాకుండా పొద్దున్నే పెద్దావిడకి చెప్పి పెట్టుకోవాలి, అంతే. మంచం దిగడమే ముఖ్యం.

ఆందోళనకీ ఒక వేళ కేటాయిస్తారు. సాయంత్రం కాగితం తీసుకుని ఒక పక్క చింతలు, పక్కనే వాటికి రేపు వేయగలిగే ఒక్క అడుగు. అబ్బాయి ఫీజు, అమ్మ మోకాలి ఆపరేషన్, ఆఫీసులో మతిమరుపు. రాత్రి అదే ఆలోచన వస్తే "ఇది రాసేశాను" అని దానికి చెప్పొచ్చు. దడ విషయంలో మాత్రం ఓదార్పు కంటే ముందు పరీక్ష. ఈసీజీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్. అవసరమైతే రోజంతా గుండె లయ రాసుకునే హోల్టర్. ఈ వయసులో కొందరికి రక్తస్రావం విపరీతమై రక్తహీనత వస్తుంది, దానివల్లా గుండె దడదడలాడుతుంది. దడతోపాటు స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే సరాసరి ఆస్పత్రికే. ఇవేవీ కావని తేలాక, మూడింటప్పుడు చెప్పుకునే మాట ఒకటి ముందే తయారు చేసి పెట్టుకుంటారు: "ఇది ఆవిరి. నాలుగైదు నిమిషాల్లో దిగుతుంది. నా ఈసీజీ బాగుంది." మాట చిన్నదే. పరీక్ష చేయించుకున్న తర్వాత అనుకుంటేనే దానికి బలం.

ఈ పనిముట్లన్నీ మెనోపాజ్ దగ్గరి ఆడవాళ్ళకి సరిపోతాయా అని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ మెకరీ బృందం అమెరికా పశ్చిమ వాషింగ్టన్ ప్రాంతంలో పరీక్షించి 2016లో ప్రచురించింది. 40-65 ఏళ్ల మధ్య 106 మంది, రోజుకి కనీసం రెండు ఆవిర్లు వచ్చేవాళ్లు, నిద్రలేమి ఉన్నవాళ్లు. వైద్యమంతా ఫోన్లోనే. ఎనిమిది వారాల్లో ఆరు కాల్స్, ఒక్కోటీ అరగంట లోపే. మాట్లాడింది నిద్ర నిపుణులు కారు. శిక్షణ పొందిన ఒక సోషల్ వర్కర్, ఒక సైకాలజిస్టు. ఆ పరీక్ష కట్టిన తీరు నాకు ఇంకా నచ్చింది. రెండో గుంపుకీ అన్నే కాల్స్ చేశారు, మెనోపాజ్ గురించి చక్కగా చెప్పారు, నిద్ర సూత్రాలు మాత్రం ఇవ్వలేదు. ఫోన్లో ఒక మనిషి ఓపిగ్గా విన్నందుకే బాగుపడ్డారేమో అన్న సందేహానికి అక్కడే జవాబు దొరుకుతుంది. 28 మార్కుల నిద్రలేమి కొలతలో ఈ రెండో గుంపుకి 4.7 తగ్గాయి. వినడానికి కూడా విలువ ఉందన్నమాట. సూత్రాలు పాటించినవాళ్ళకి 9.9 తగ్గాయి. ఆరో నెల దగ్గరపడ్డాక చూసినా ఆ తేడా నిలిచింది.

ఆవిర్ల లెక్కలో మాత్రం రెండు గుంపులకీ తేడా లేదు. ఆవిర్లు వచ్చాయి, అవి రోజుని పాడుచేయడం తగ్గింది. ఆవిర్లే తగ్గాలంటే హార్మోన్ చికిత్స బలమైనది. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డల చరిత్ర లాంటివి చూసి డాక్టరు నిర్ణయించాల్సిన విషయం అది. హార్మోన్ లేని మందులూ ఉన్నాయి. రెండూ కలిపి వాడుకోవచ్చు, పోటీ ఏమీ లేదు. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లు నిద్ర కుదించే పని సొంతంగా పెట్టుకోకూడదు. తెల్లవారుజామున బస్సు నడిపేవాళ్లు, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు కూడా అంతే. గట్టిగా గురక పెట్టేవాళ్లు ముందు స్లీప్ ఆప్నియా ఉందేమో చూపించుకోవాలి.

చికిత్స ముగిసే వేళ మరో కాగితం రాయిస్తారు. నిద్ర మళ్ళీ చెడే రోజుల కోసం అది. పెరిమెనోపాజ్‌లో అలాంటి రోజులు వస్తాయి. ఏ నెలలో ఈస్ట్రోజెన్ మళ్ళీ పడిపోతుందో తెలియదు. ఎవరి కాగితం వాళ్ళదే అయినా ఎక్కువగా ఉండేవి ఈ సంగతులే: ఒక రాత్రి పోయిందని మర్నాడు పెందరాళే పడుకోవద్దు, మధ్యాహ్నం వాలొద్దు, వరసగా వారం పది రోజులు చెడితే పాత పట్టిక మళ్ళీ తీసి లెక్క వేసుకో, రాత్రి ఎలా గడిచినా పొద్దున ఖాయం చేసుకున్న వేళకే లే.