రాసు పద్యము – మనుష్యఋణము

1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీని, సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో రోనాల్డు రాసు అను వైద్యుఁడు దోమ కడుపులో మలేరియా బీజములను గనుఁగొనెను. ఆ సంతోషమున నాతఁ డాంగ్లమున నొక చిన్న పద్యమును రచించెను. వైద్యచరిత్రమున నిది ప్రసిద్ధమే కాని సాహిత్యదృష్టితో దీనిని విమర్శించినవా రరుదు. మన యూరఁ బుట్టిన కృతి గావున దీని గుణదోషములను విచారించుట యుచితము.

పద్యమున మూఁడు భావములు గలవు. దైవము తన కొక రహస్యమును దెలిపెనను కృతజ్ఞత మొదటిది, ఆ స్వల్పజ్ఞానముచే నసంఖ్యాకులు బ్రదుకుదురను నమ్మకము రెండవది, మృత్యుధిక్కారము మూఁడవది. ఈ తుదిభావము పౌలు కొరింథీయులకు వ్రాసిన పత్రికనుండి గ్రహింపఁబడినది. మాటలు మితములు; ఆవేగము నిజమైనది. ఆలంకారికుల వీరభేదములలో నిది యుద్ధవీరము. మృత్యు వాలంబనము, ఉత్సాహము స్థాయి. ఇంతవఱకుఁ బద్యము శ్లాఘ్యమే.

అయిన నొక లోపము గలదు. దైవమునకును, కవికిని, మృత్యువునకును నిందుఁ జోటు గలదు. హుసేన్ ఖానునకు లేదు. దోమకొక యణా చొప్పునఁ గూలి గైకొని, జ్వరపీడితమైన తన దేహమును దోమల కప్పగించిన రోగి యాతఁడే. ఆ రక్తము లేక యా రహస్యము లేదు. చిన్న కృతిలోఁ బేరులన్నియు నిముడునా యని యాక్షేపింపవచ్చును. పేరు లేకుండుట దోషము గాదు. ఋణభావము లేకుండుటయే దోషము.

శతపథబ్రాహ్మణము దేవ, ఋషి, పితృఋణములతోపాటు మనుష్యఋణమును గూడఁ జెప్పుచున్నది. రాసు భారత వైద్యశాఖలో నుద్యోగి. ఆ శాఖ వేతనము లీ దేశపుఁ బన్నులనుండి చెల్లెడివి. కావున నీ జ్ఞానమునకు రక్తమును, ధనమును నిచ్చినది బీదదేశమే. మఱి ఫలమెట్లున్నది? అమెరికా సంయుక్తరాష్ట్రములు 1951 నాఁటికే తమ నేలనుండి మలేరియాను దొలఁగించుకొన్నవి. 2023లోనో, ప్రపంచారోగ్యసంస్థ యంచనాలో సుమారు 5,97,000 మంది దానిచే మరణించిరి. వారిలో నూటికి 95 మంది యాఫ్రికావారు.

ధనికదేశములు తమ జాతీయోత్పత్తిలో నూటికి 0.7 వంతు బీదదేశములకుఁ గేటాయింపవలెనని ఐక్యరాజ్యసమితి 1970లోఁ దీర్మానించినది. 2023లో సహాయదాతల సంఘమందలి దేశము లన్నియుఁ గలిసి యిచ్చినది తమ జాతీయాదాయములో నూటికి 0.37 వంతు మాత్రమే. దీనికి వారు పెట్టిన పేరు ‘సాయము’. పద్యమందలి దోషమే యిచట లోకమందలి దోషమైనది. దాత యిచ్చిన నిచ్చును, మానిన మానును. ఋణస్థున కట్టి స్వాతంత్ర్యము లేదు.

కూలి చెల్లినది గదా, ఇంక ఋణ మెక్కడిదని కొంద ఱందురు. అణా కాటునకు వెల. కాటువలనఁ దెలిసిన సత్యమునకు వెల గాదు. ఆ సత్యము ధనికుని నేలను గాపాడి బీదవాని నేలను విడిచిననాఁడు లెక్క తీఱినదనుట న్యాయము గాదు.

రాసు ప్రతిభయు, శ్రమయు నల్పములు గావు. ఆతని నమ్మకము ప్రతిజ్ఞవంటిది; అది యింకను బూర్తిగా నెఱవేఱలేదు. ఈ పద్యమును బాలురకు బోధించు పండితులు హుసేన్ ఖాను పేరును గూడఁ జెప్పుదురుగాక. అప్పుడే వ్యాఖ్యానము పూర్ణమగును.