ముదిమియు ఎఱుకయు

వృద్ధులు తమ గతమును జెప్ప మొదలిడినతోడనే మన గృహములలోని పడుచువారు మెల్లగా లేచిపోవుట మనమందఱము చూచుచున్నదే. ఆ వృద్ధులే యొక శతకపద్యమును రాగముతో జదివిరేని కొంతసేపు కూర్చుందురు. సంసారము నిస్సారమనియు, దేహము నీటిబుగ్గయనియు జెప్పినచో నది యాధ్యాత్మికము. ఆ యేడు బండి యెక్కడ విఱిగినదో, సత్రములో నెవరు నీరు పోసిరో చెప్పినచో నవి ముసలి కబుర్లు. ఈ భేదభావము మన సాహిత్యవిమర్శలోనికిని వచ్చి చేరినది. ఇది సరికాదని మా యభిప్రాయము. ముదిమిలో మనుజుడు తన బ్రదుకును దలచుకొని వ్రాసిన పుటలలో నిజముగా నాధ్యాత్మికమైనది వైరాగ్యవాక్యములందు గాక, అతడు దాచక చెప్పిన చిన్న సంగతులయందే యున్నదని మేము తలచుచున్నాము.

శ్రీకాళహస్తీశ్వర శతకమును దీసికొందము. ధూర్జటి పదునాఱవ శతాబ్దివాడు. కృష్ణదేవరాయల యాస్థానకవులలో నొకడని ప్రసిద్ధి. రాజసేవపై రోత, ఇంద్రియములపై కోపము, వయసు వ్యర్థమయ్యెనను దుఃఖము ఆ శతకమున నిప్పువలె మండుచున్నవి. తెలుగున నింతటి యాత్మనింద మఱియొకటి కలదో లేదో! అయినను పుస్తకము మూసిన పిదప నొక సందేహము మిగులును. ఈతడు ఏ రాజు నేమి యడిగెను? ఏ దినమున నెవరి యెదుట తల వంచి సిగ్గుపడెను? కవి చెప్పలేదు. చెప్పుట శతకధర్మము కాదనుకొనెను కాబోలు. కాని చెప్పని చోట లోకము ఊరకుండునా? ధూర్జటికి వేశ్యాలోలత్వము నంటగట్టుచు, తెనాలి రామకృష్ణుని పేర నొక చాటువు పుట్టి యూరూర దిరిగినది. కవి తన నోట జెప్పికొననిదానిని లోకము తనకు దోచినట్లు చెప్పుకొన్నది. శతకమును దలపోయువారికంటె ఆ చాటువును దలపోయువారే నేటికిని హెచ్చు.

దీని కెదురుగా నిలుచు గ్రంథము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ పని చేసిన యీయన, యేబదేండ్ల ప్రాయమున, 1830 మే 18వ తేదీన పరివారముతో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, జగన్నాథములు చూచికొని, మా విశాఖ మండలపు తీరము వెంబడి దక్షిణమునకు దిగి 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరెను. దారిపొడవున మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి వ్రాసి పంపిన వ్రాతలే 1838లో గ్రంథమై వెలువడినవి. అప్పటికి వీరాస్వామయ్యగారు గతించి రెండేండ్లు. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని మరల ప్రకటించి మనకందఱకును మేలు చేసిరి.

ఇది భక్తిగ్రంథ మెట్లగునని మా మిత్రులొకరు వాదించిరి. ఏ మజిలీలో మంచినీరు గలదు, బియ్యము, కట్టెలు దొరకునా, దిగుటకు వసతి యెట్టిది, వాన వచ్చిన ఏ యేరు దాట వీలుకాదు: పుటలకు పుటలు ఇవియే యనిరి. నిజమే. అవి యెవరికొఱకు వ్రాసినవి? వెనుక రాబోవు యాత్రికునికొఱకు. వెంట వచ్చిన పెద్ద పరివారమునకు ప్రతి సాయంకాలమును నీడయు నీరును వెదకి, దొరకిన తావును ఎఱుగనివానికై గుర్తు పెట్టినవాని భక్తిని శంకించుటకు మనమెవరము? నోటి పలుకునకు దగ్గఱగా నుండు తెలుగున వ్రాసి, ఆయన పండితులకంటె బాటసారులను దలచినాడు. అయితే ఒక లోపము చెప్పక తప్పదు. ఆ పరివారములో స్త్రీలును గలరు. కాశిలో వారేమి చూచిరో, గంగలో మునిగి యేమి కోరుకొనిరో వారి మాటగా నొక్కటియు మన చెవిని బడదు.

వీరేశలింగము పంతులుగారి స్వీయ చరిత్రము మొదటి భాగము 1911లోను, రెండవది 1915లోను వెలువడినవి. అప్పటికి పంతులుగారు అఱువది దాటిన వృద్ధులు. సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు 1910లో గతించిరి. సంస్కారాభిమానులము గావున ఈ గ్రంథమును విమర్శింపరాదని మే మనుకొనము. అందు వ్యాజ్యములు, వాదప్రతివాదములు, ఎదిరిపక్షమువారి తప్పులు మితిమీఱి యున్నవి. తమ మనసు తడబడిన గడియలను జెప్పుటలో పంతులుగారు అంత యుదారులు కారు. కాని 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున జరిగిన తొలి వితంతు వివాహము నాటి సంగతులకు వచ్చినప్పుడు కలము మాఱిపోవును. వంటవారు రాలేదు, నీరు తెచ్చువారు మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి వంట చేసిరి. ఆ బిందెడు నీటి ముందు వాదములన్నియు దేలిపోవుచున్నవి. ఈశ్వరుని గూర్చి పంతులుగారు వ్రాసిన యుపన్యాసములకంటె ఈ పుటలే మాకు ప్రార్థనవలె దోచినవి.

ఆదిభట్ల నారాయణదాసుగారి ‘నా యెఱుక’ను గూర్చి రెండు మాటలు చాలును. ఎనుబదేండ్లు బ్రదికి 1945లో గతించిన హరికథాపితామహుడు తన కథను ముప్పది యేండ్ల ప్రాయము వఱకే చెప్పి విడిచెను. యౌవనపు చాపల్యములను గూడ నవ్వుచు నొప్పుకొన్నాడు. ధూర్జటి చేయనిపని యిది. తెలుగున ఎఱుక యనగా జ్ఞప్తియు నగును, జ్ఞానమును నగును. ఆ పేరు పెట్టుటలోనే విమర్శకులు చేయవలసిన పని సగము చేసిపెట్టినాడు.

మఱి స్త్రీల మాట? భండారు అచ్చమాంబగారు అబలా సచ్చరిత్ర రత్నమాలయందు ఎందఱో స్త్రీల చరిత్రములను గూర్చిరి. తమ చరిత్రమును వ్రాసికొనుటకు వారికి ముదిమియే రాలేదు. 1905లో, ముప్పదియొక్క యేండ్లైన నిండకుండగనే గతించిరి. మా యనకాపల్లి చేరువ శంకరమునకు పోయి బొజ్జన్నకొండను జూచినవా రెఱుగుదురు: కొండఱాతినే తొలిచిన స్తూపములు, చిన్నవి పెద్దవి, వరుసలు వరుసలుగా నున్నవి. 1907–08లో అలెగ్జాండరు రీ దొర అచట త్రవ్వించెను. అందు మ్రొక్కుబడిగా వెలసినవి యెన్నియో యున్నవి. ఎవరి మ్రొక్కులో, ఏ కష్టము తీఱుటకో, ఱాయి చెప్పదు. మన గృహములలోని వృద్ధస్త్రీల యాత్రలును అట్లే యున్నవి.

మా మేనత్తగారికి తొంబది దాటినవి. బాల్యముననే పసుపుకుంకుమలు పోగొట్టుకొన్న మనిషి. ఈ వ్యాసమునకై స్వీయ చరిత్రములోని నీటిబిందె ఘట్టమును బయటికి చదువుచుండగా, గోడకానుకొని వినుచున్న యామె, సింహాచలము తానును పోయితినని యనెను. 1948లో చందనయాత్ర. ఏడాది కొక్కదినము స్వామి నిజరూపము కనబడు దినము. పదునాలుగేండ్ల యీ పిల్ల యెదురు వచ్చిన, మ్రొక్కు తీర్చికొన బోవు క్రొత్త దంపతులకు కీడని, పెద్దలామెను కొండ క్రింద అడివివరములో బండ్లయొద్ద విడిచి పైకి పోయిరట.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదత్తా?” అని మే మడిగితిమి.

“నన్నెవరడిగారు నాయనా? కొండ మీద దీపాలు కనిపించాయి, అంతే. కింద ఎడ్లకు కాపలా, పాతికమందికి వంట.”

ఆ పెద్దలు మా పెద్దలే. వారి యాత్రను గూర్చి మా యింట భక్తితో జెప్పుకొనుటను మేము బాల్యమునుండి వినియున్నాము. ఎవరును ఈ మాట చెప్పలేదు. మఱునాడొక నోటుపుస్తకము కొని తెచ్చి, మీరు చెప్పుడు, మేము వ్రాసెదమని కూర్చుంటిమి. దేవుని గూర్చి మొదలు పెట్టుదురని యనుకొంటిమి. ఆమె కొంతసేపు కనులు మూసికొని, ఆనాడు వండిన కూరల పేరులు చెప్పసాగెను.